బావగారి ఎడమచెయ్యి

బావగారికి,

నేను రాకముందే మీరొస్తే, కంప్యూటర్ ముట్టుకోకుండా ముందు ఇది చదవండి.

పొద్దున మీరు సైటుకు పంపిన ప్లానులో పై అంతస్తు లేదు. "పైది ఏదమ్మా, గాలికి ఎగిరిపోయిందా?" అని మేస్త్రి ఫోన్ చేశాడు. కింది అంతస్తు ఒక్కటే పంపడానికి పైదాన్ని చెరిపేసి, అసలు ఫైలునే అలవాటు కొద్దీ సేవ్ చేసేసినట్టున్నారు. నెలంతా నేను కూర్చుని గీసింది అదే. సాయంత్రం అనుమతి కోసం ఇవ్వాల్సిందీ అదే.

ఇంకా కొంప మునగలేదు. సేవ్ నొక్కినప్పుడు, అంతకు ముందున్న ప్లాను పక్కనే బ్యాకప్ ఫైలుగా మిగులుతుంది. దాని పేరు మార్చి తెరిస్తే పై అంతస్తు దొరుకుతుంది. ఇంకొక్కసారి సేవ్ నొక్కారా, బ్యాకప్‌లోకీ చెరిపేసిన ప్లానే వచ్చి కూర్చుంటుంది.

నేనే తీద్దామంటే మీ పాస్‌వర్డు తెలియదు. మీ ఫోనేమో ఇక్కడ టేబుల్ మీదే మోగుతోంది. మిమ్మల్ని వెతకడానికి వెళ్తున్నాను. అక్కకు ఇంకా చెప్పలేదు.

కూర్చున్నా, లేచినా, తుమ్మొచ్చినా ఎడమచేత్తో కీబోర్డు మీద సేవ్ నొక్కే మనిషి మీరు. మీ మీద నాకు నమ్మకముంది బావగారూ, మీ ఎడమచేతి మీదే లేదు. కీబోర్డు కోసం వెతక్కండి, నా సంచిలో ఉంది.

మీ మరదలు