ఇరవై మూడో వాసనల పుస్తకం

గుంటూరు జిల్లా నుంచి బతుకుతెరువుకు వచ్చి, ప్రభుత్వ కర్మాగారంలో ఫోర్‌మన్‌గా రిటైరై, బొంతపల్లిలో ఇల్లు కట్టుకున్న పెదమల్లు రాజారావు అనే నేను, డెబ్బై ఎనిమిదో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగానే ఉంది. ఎల్లుండి శుక్రవారం నా గుండెకు ఆపరేషన్. దీన్ని అమలు చేసే బాధ్యత, ఫ్యాక్టరీ కాలుష్యంపై మా ఊరు వేసిన కేసు వాదిస్తున్న అడ్వొకేటు హరిచందన గారిది.

1. ఇల్లు, రెండు వందల గజాల స్థలం నా కొడుకు మహేంద్రకు చెందుతాయి. తెల్లాపూర్‌లో ఇరవై రెండో అంతస్తులో కిటికీలు మూసుకుని ఉండే వీడు మా అక్క నాగరత్నంతో ఒకసారి, "అత్తయ్యా, ఎయిర్ ప్యూరిఫయర్ కొనిస్తా, ఈ వాసనలు రాయడం ఆపెయ్యి" అన్నాడు. "కొను నాయనా, నెలనెలా దాని ఫిల్టరు నాకియ్యి. ఏ నెల ఎంత నల్లబడిందో రాసుకుంటాను" అంది అక్క. వీడు కొననూ లేదు, నవ్వనూ లేదు. అయినా ఇల్లు వీడికే.

2. మా తమ్ముడు శివరామకృష్ణకు అక్క విజ్ఞాన సర్వస్వంలోని పదకొండు సంపుటాలు. ఏడోది నువ్వు ఇరవై ఆరేళ్ల కిందట పట్టుకుపోయావు. నాన్న ఆమెను ఎనిమిదో తరగతితో బడి మాన్పించి, ఆ ఫీజుతో నిన్ను చదివించాడు. ఆ పుస్తకమైనా తిరిగి ఇచ్చి ఉండాల్సింది. అందులో ఉన్న విషయాలన్నీ ఆమె బస్సుల్లో, రేషన్ షాపులో, ఆసుపత్రి వరసల్లో కనపడ్డవాళ్లను అడిగి తెలుసుకుంది. మొత్తం సెట్టు ఇప్పుడు నీ దగ్గరుంటుంది. చదవవని తెలుసు.

3. పక్కింటి మొగులమ్మకు అక్క భూతద్దం. దానితో మొదటిసారి చీమను చూసి, "ఓయమ్మో, దీని మీసాలు మా ఆయనకన్నా జెర జోరుగున్నయ్" అంది. వాళ్లిద్దరూ ఆ రోజంతా గోడ పక్కన చీమల వెంట తిరిగారు. నాకు మధ్యాహ్నం అన్నం లేదు.

4. అక్క రాసిన ఇరవై రెండు నోటుపుస్తకాలు హరిచందన గారికి. 2006 నుంచి ప్రతి తెల్లవారీ డాబా ఎక్కి, కొయ్యకు కట్టిన పాత చీర పేలిక ఎటు ఎగురుతోందో చూసి, గడ్డపోతారం ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే వాసనేదో రాసింది. కుళ్లిన గుడ్డు, మురిగిన గంజి, కాలిన రబ్బరు లాంటి పేర్లు మొగులమ్మవి. వాసన తెలియని రోజు "తెలియలేదు" అనే రాసింది. ఒక్క రోజు కూడా ఊహించి రాయలేదు. నేను వేళాకోళం చేసేవాణ్ణి. అందుకు సిగ్గుపడుతున్నాను.

5. ఇరవై మూడో పుస్తకం నాది. అది అబద్ధం.

2021 నాటి జ్వరంలో నాకు వాసన తెలియడం పోయింది. అక్క నా ముక్కు కింద ఇంగువ, కిరసనాయిలు, వేపనూనె పెట్టి చూసి, ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. నిరుడు నవంబరు 2న ఆమె చనిపోయింది. మర్నాడు మొగులమ్మ గేటు దగ్గరికి వచ్చి, "ఇయ్యాల ఏం రాసినవ్ సారూ?" అంది. ఏమీ రాయలేదంటే అక్క పోయిందని ఒప్పుకోవాలి. పాత పుస్తకంలో అదే తేదీ చూసి ఒక వాసన రాసేశాను. ఆ తర్వాత, వరస తెగితే అవతలి లాయరు పట్టుకుంటాడని హరిచందన గారు అన్నారు. అలా 244 రోజులు రాశాను.

పోయిన శుక్రవారం మొగులమ్మ ఏదో మాటల్లో, "మార్చిల పది దినాలు ఫ్యాక్టరీ బంద్ వెట్టిండ్రు సారూ, మా కోడలు రవళికి పనే లేకుండె" అంది. లోపలికి వచ్చి పుస్తకం తీశాను. ఆ పది రోజుల్లో ఎనిమిది రోజులు కుళ్లిన గుడ్డు అని ఉంది. అప్పటి నుంచి నిద్ర లేదు. ఫ్యాక్టరీవాళ్ల దగ్గర మూసిన తేదీలుంటాయి. ఒక్క పుస్తకం దొంగదని తేలితే మిగతా ఇరవై రెండూ దొంగవే అంటారు. ఈ నెల 21న అన్నీ కోర్టుకు వెళ్తున్నాయి.

6. పై సంగతి నా చావు తర్వాతే తెలియాలని అనుకున్నాను. రాసి చదువుకున్నాక చావుకన్నా పెద్ద భయం పట్టుకుంది. శుక్రవారం నేను బతికితే? ఈ కవరు ఎవరూ తెరవరు. నా అబద్ధం అక్క పుస్తకాల పక్కన కోర్టు మెట్లెక్కుతుంది. అందుకని ఐదో అంశం నా మరణం కోసం ఆగదు. సంతకాలు కాగానే దాని నకలు సాక్షి బాలప్ప ఈ రోజే హరిచందన గారికి ఇచ్చి వస్తాడు.

మొగులమ్మను పిలిచి ముందుగా ఆమెకే చదివి వినిపించాను. ఆమె అన్నది రాయడం చట్టానికి అవసరం లేదు, నాకు అవసరం. "నాకెరికే సారూ. పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంత కంపు గొడ్తుంటే పేపర్ సదువుకుంట కూసుంటివి. నేను పొద్దుగాల అడిగేది వాసన కోసమా? నువ్వు లేసినవో లేదో సూద్దామని. గీ అబద్ధం కోర్టు దాంక పోతదని నాకేమెరిక?"

7. రేపటి నుంచి మొగులమ్మ చెప్పగా రవళి రాస్తుంది. ఇరవై నాలుగో పుస్తకం మొదటి పేజీలో ఇది మాత్రం నేనే రాసి ఇస్తున్నాను: "రాసే మనిషి చనిపోయింది. ఎనిమిది నెలలు ఎవరూ రాయలేదు."

బొంతపల్లి,
9 జులై 2025, బుధవారం

(సంతకం) పెదమల్లు రాజారావు

మా ఎదుట సంతకం చేశారు. ఐదో అంశం మాతో పైకి చదివించారు.
సాక్షులు:
1. బాలప్ప, రిటైర్డ్ పోస్ట్‌మన్
2. నర్సింహమ్మ, అంగన్‌వాడీ ఆయా