మాయన్న లేడే

అక్టోబర్ 7, మంగళవారం

పొద్దున్న చీమలు కనిపించాయి. పాత కంప్యూటర్‌లో ఫ్లాపీ పెట్టే సందులోంచి వరసగా లోపలికి పోతున్నాయి. ఒకదాని నోట్లో బెల్లం పలుకు. చీమకంటే పెద్దది.

నాన్న కూడా చూశారు. "ఈ డొక్కు ఇంకెందుకే? పాత సామాన్లోడు పద్దెనిమిదో తారీకున వత్తానన్నాడు. ఇచ్చీ."

పద్దెనిమిదేళ్ళుగా మూల గదిలో ఉంది, అమ్మ చీర కప్పుకుని. ఇన్నాళ్ళూ ఆ మాట అనలేదు నాన్న.

8, బుధవారం

ఎలమంచిలి నుంచి అన్నయ్య ఫోన్. వెనక పాప ఏడుపు.

"అమ్ములూ, పందొమ్మిదిన జ్ఞానస్నానం. ఫాదర్ గారు పేరు అడుగుతున్నారు. పాపకి అమ్మ పేరు ఎట్టుకోవచ్చేటో నాన్ననడిగి సెప్పవే."

"నువ్వే అడగొచ్చు కదా."

"నాతో మాటాడితే కదేటి!"

నవ్వాడు. వినడానికి బాగాలేదు ఆ నవ్వు.

9, గురువారం

అడిగాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"రోసమ్మ పేరా? ఆడు ఎడతాడా? దాని పిలుపు ఇనిపించుకోనోడికి దాని పేరెందుకే?"

నాన్నా, అన్నాను. 

"మజ్జిగ పొయ్యి."

పోశాను.

10, శుక్రవారం

ఇది ఎప్పుడూ రాయలేదు. రాయాలి.

నాకు తొమ్మిదేళ్ళు. అన్నయ్యకి పదమూడు. అమ్మ పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర జారింది. తల రాతికి తగిలింది. పిలిచింది. ఆట గోలలో ఆ పిలుపు పోయింది.

నాన్న బెల్లం మార్కెట్ నుంచి వచ్చేసరికి అమ్మ తల అన్నయ్య ఒళ్ళో ఉంది. మూల గదిలో తెర మీద ఆట అలాగే ఉంది. నేను గుమ్మంలో — చేతిలో స్కూల్ లైబ్రరీ పుస్తకం.

"ఆటాడతన్నావేట్రా?"

అన్నయ్య నావైపు చూశాడు. తర్వాత తల ఊపాడు.

ఆస్పత్రిలో ఎవరో అన్నారు, ఇంకాస్త ముందు తెత్తే బతికేదేమో అని. అన్నదెవరో గుర్తు లేదు. మాట గుర్తుంది. ఆ రోజు నుంచి నాన్న అన్నయ్యతో నేరుగా మాట్లాడలేదు. ఏదైనా నాచేతే చెప్పిస్తారు. "ఆడితో సెప్పు." "ఆణ్ణి తినమను." పెళ్ళయ్యాక అన్నయ్య వచ్చినా గేటు దగ్గరే నిలబడి వెళ్ళిపోతాడు.

11, శనివారం

దీపావళి టపాకాయలు అప్పుడే మొదలు. ప్రతి చప్పుడుకీ మూల గది వైపు చూస్తున్నాను.

13, సోమవారం

నేను పనిచేసే స్కూల్ లైబ్రరీకి తాళం వేసి తొందరగా వచ్చేశాను. రిటైరైనా నాన్నకి రోజూ మార్కెట్‌కి వెళ్ళందే తోచదు. ఇంట్లో ఎవరూ లేరు.

చీర తీశాను. ప్లగ్ పెట్టాను. వెలగదనుకున్నాను. వెలిగింది.

అది యుద్ధం ఆట. శత్రువుల కోటలో మనం ఖైదీ. తెర మీద మన చెయ్యి, తుపాకీ, అంతే. నీలం రాతి గోడలు. తలుపు తీస్తే ఇంకో తలుపు. అడుగున మన ముఖం, చిన్నది. దెబ్బ తగిలినకొద్దీ దాని మీద నెత్తురు. గదుల్లో బంగారు శిలువలు దొరుకుతాయి. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా నేను నుదుటి మీద శిలువ గుర్తు వేసుకునేదాన్ని.

"సిస్టర్‌కి సెప్తానుండు. తుపాకీ అట్టుకుని పార్దన సేత్తన్నావని." అన్నయ్య వెక్కిరించేవాడు.

నీలం చొక్కావాళ్ళు ఎదురుపడగానే ఏదో అరుస్తారు. ఏ దేశపు భాషో. "సుట్ట తాపీ అంటన్నాడే. ఎవులైనా ఈడికో సుట్ట ఇయ్యండ్రా!" — అన్నయ్య. నవ్వి నవ్వి కడుపు నొప్పి వచ్చేది.

వాళ్ళు పడిపోతూ అనేది మాత్రం ఇద్దరికీ ఒకేలా వినిపించేది.

మాయన్న లేడే.

"పాపం, ఆళ్ళన్న ఏ ఊరెళ్ళేడో" అంటూ అన్నయ్య ఇంకొకణ్ణి కాల్చేవాడు.

ఇవాళ మెనూ దాకా వెళ్ళి ఆపేశాను.

14, మంగళవారం

అమ్మ పిలిస్తే ఆట ఎక్కడిదక్కడ సేవ్ చేసి లేవాలి. సేవ్ చేయాలంటే ఏదో ఒక పేరు కొట్టాలి. అన్నయ్య అమ్మకి చెప్పే జవాబునే పేరుగా కొట్టేవాడు. ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పులతో. అన్నీ ఉన్నాయి. చెరిగిపోలేదు.

వత్తన్నా.
వత్తన్నానే అమ్మా.
అన్నం వద్దు.
నీళ్ళు అమ్ములు తెత్తది.
ఇదిగో వత్తన్నా.

అందరికంటే అడుగున, చివరిది:

వస్తున్నాను.

ఆ 'స్త' దగ్గర ఆగిపోయాను. అన్నయ్య నోట 'స్త' ఎప్పుడూ పలకలేదు.

15

ఏమీ లేదు. వాన.

16, గురువారం

నేనే ఫోన్ చేశాను. కంప్యూటర్ వెలిగిందని చెప్పాను.

 "ఎందుకే అది? అమ్మేసీ. సూడకు."

"చూశాను. పేర్లన్నీ ఉన్నాయి."

"ఉంటే ఉండనీ."

"నాన్నకి చెప్పేస్తాను, అన్నయ్యా."

"ఏటి సెప్తావు? నాకలవాటైపోయిందే. ఆయనకి మిగిలింది నువ్వొక్కద్దానివి. అది కూడా తీసీకు." పాపని ఎవరికో అందిస్తున్న చప్పుడు. "పేరుదేటుందిలే. ఏదోటి ఎట్టీత్తాం."

పెట్టేశాడు.

ఏదోటి. అమ్మ పేరు బదులు ఏదోటి.

17, శుక్రవారం

భోజనం దగ్గర మూడుసార్లు నోరు తెరిచాను. మూడోసారి నాన్న, "పన్నేటైనా నెప్పా?" అన్నారు.

18, శనివారం

పొద్దున్న తెల్ల చొక్కా ఇస్త్రీ చేయమన్నారు నాన్న. ఎందుకో చెప్పలేదు. చేసి వంకెకి తగిలించాను. గోడకేసి చూస్తూ అడిగారు —

"ఎలమంచిలి బస్సు పొద్దున్న ఎన్నింటికే?"

"వెళ్దామా నాన్నా?"

"ఊరికే అడిగేను."

చెప్పులు వేసుకుంటూ: "పేరు సంగతి మాత్రం నా దగ్గర ఎత్తొద్దని సెప్పు ఆడితో."

మార్కెట్‌కి వెళ్ళారు. సాయంత్రం పాత సామాన్లవాడు వస్తాడు.

చివరి పేరు మీద నొక్కాను. వస్తున్నాను. కోట తెరుచుకుంది. అదే గది. బల్ల, దీపం, అవతల అటు తిరిగి నిలబడ్డ సైనికుడు. పద్దెనిమిదేళ్ళుగా అలాగే నిలబడి ఉన్నాడు. కాల్చాను.

మాయన్న లేడే.

ఆ రోజు అమ్మ మూడుసార్లు పిలిచింది. మొదటిసారి అన్నం తినమని, వంటింట్లోంచి. అప్పుడు సేవ్ చేసిందే 'వస్తున్నాను'. సేవ్ చేసి లేవడం మాత్రం లేదు. ఆట సాగింది. రెండోసారి పిలిచింది పెరట్లోంచి. పేరు పెట్టి పిలవలేదు. సన్నగా, రాయి దగ్గర్నుంచి —

మీయన్న లేడేటే…

లేపడానికి ఎవరైనా బలమున్నవాళ్ళు కావాలి కదా. అందుకే అన్నయ్యని అడిగింది. ఆఖరి అక్షరం గాలికి పోయింది. తెర మీద అప్పుడే ఒక సైనికుడు పడ్డాడు.

ఇంకొకణ్ణి కాల్చాక గానీ అనుమానం రాలేదు. వాడు అరవకముందే మళ్ళీ వినిపించింది.

పుస్తకం తర్వాత తీసుకున్నాను. నాన్న గేటు తీసిన చప్పుడు విన్నాక.

ఇప్పుడు ఐదవుతోంది. నాన్న వచ్చే వేళ. తెర ఆపలేదు. ఈ పేజీ కూడా మూయను. కుర్చీలోనే కూర్చున్నాను.

ఆ రోజు ఈ కుర్చీలో ఉన్నది నేను. నాన్నకి కాస్త ముందు తిరిగొచ్చేదాకా అన్నయ్య సైకిల్‌కి పంక్చర్ వేయిస్తూ స్టేషన్ రోడ్డులో ఉన్నాడు.