మా అమ్మ కుడిచెయ్యి పైకి లేవకపోవుటకు గల కారణములు

బరంగాయ్ (గ్రామ) పెద్ద, కాపితన్ క్రిసాంతో దిమాయుగా గారి సముఖమునకు, బతంగాస్.

అయ్యా,

విషయం: మా అమ్మ భుజమును ప్రతిపక్షంలో చేర్చి, ఆమె అరటిపళ్ల బండిని చర్చి గేటు వద్ద నుంచి తీయించిన ఉత్తర్వు రద్దు గురించి.

1. గత ఆదివారం పూజ ముగిశాక, తమరు తమ నినాంగ్, అనగా జ్ఞానస్నానం నాటి జ్ఞానతల్లియైన మా అమ్మ పెర్పెత్వా చెయ్యి అందుకుని దీవెన కోసం నుదుటికి ఆనించుకోబోగా, ఆమె కెవ్వుమని చెయ్యి లాక్కున్న మాట వాస్తవము. ఊరంతా చూసినది. "ఓహో, నినాంగ్! దీవెన కూడా మక్సిమోకే ఇచ్చేశావా?" అని తమరన్నారు. మక్సిమో గారు ఎన్నికల్లో తమ ప్రత్యర్థి. మర్నాటికల్లా బండి బాస్కెట్‌బాల్ కోర్టు వెనక్కి పోయినది. అక్కడికి మేకలే వస్తాయి. మేకలు కొనవు. ఆ బండి నడిస్తేనే మా ఇంట్లో అన్నం.

2. ఆ చెయ్యి అంతకుముందు నుంచే లేవడం లేదు. జుట్టు ముడి నా చేత వేయించుకుంటున్నది. (ఆ ముడి చూసి జనం నవ్వుట వేరే అర్జీ.) కారణంపై అనుమానాలు అనేకము. పొరుగింటి చారింగ్ పిన్ని "ఇస్త్రీ చేసిన వేడి చేతుల్తో చన్నీళ్లు ముట్టుకుంది, ఇంకేముంది!" అన్నది. మా మామయ్య "ఎవరో చేతబడి చేశారు" అని చారింగ్ పిన్ని వైపే చూశాడు. నేనైతే, గిన్నెలు నా చేత తోమించుటకు అమ్మ పన్నిన కుట్ర అనుకున్నాను.

3. ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ ఆ చేతిని తానే ఎత్తి చూసినది. గడియ పడినట్టు సగంలో ఆగిపోయినది.

"నాటకమైతే నేనెత్తినప్పుడు లేచేదయ్యా. కీలు చుట్టూ ఉన్న పొర వాచి, మందమై, బిగుసుకుపోయింది. ఫ్రోజెన్ షోల్డర్."

"ఎవరు చేశారండీ?"

"షుగరు చేసింది. వానల్లో జారిపడి మణికట్టు బెణికిందని, చెయ్యి మెడకి కట్టుకుని వారాల తరబడి కదపలేదు కదా, అది చేసింది. కొందరికైతే ఏ కారణమూ దొరకదు."

నా అనుమానం పూర్తిగా తీరలేదు. కానీ మక్సిమో గారి పేరు ఆమె ఎక్కడా ఎత్తలేదు.

4. వ్యాయామంతో మెల్లగా సడలునట, ఏడాదో రెండేళ్లో. లాగితే మాత్రం ప్రాణం పోవునట. తమరు లాగినారు.

5. ఇక తమరిపై నా అనుమానం. పూర్వం తమరు వంగి దీవెన తీసుకొనెడివారు. కాపితన్ అయినాక నిలువుగా నిలబడి, ముసలమ్మల చేతులనే నుదుటి దాకా రప్పించుకుంటున్నారు. మెడ కూడా కీలే. చాలాకాలం కదపకపోతే ఏమగునో పైన విన్నవించినాను.

కావున బండిని గేటు దగ్గరకు, తమ మెడను డాక్టరమ్మ దగ్గరకు పంపించవలెనని కోరుచున్నాను. ఇదంతా కోపం దిగాక తీరికగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రెనీల్ మగ్పంటాయ్
(పట్టభద్రుడు, ప్రస్తుతం జుట్టు ముడులు వేయువాడు)

తా.క.: కాపితన్ అన్నా, ఇది అమ్మకు చదివి వినిపించాను. గోడ మీద వేళ్లు పాకిస్తూ వ్యాయామం చేస్తోంది. "ఆ సోదంతా ఎందుకురా? నా చెయ్యి నడుము దాకా లేస్తుంది. వాణ్ణి రమ్మను. చిన్నప్పుడు వాడి నుదురు అక్కడే ఉండేది" అంది.