ముగ్గుపిండిలో కుడికాలు

నవంబర్ 3, సోమవారం
మనవరాలు రమ్య సాఫ్ట్‌బాల్ రూల్స్ రెండుసార్లు చదివాను. బంతి విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకు పడాలి, కుడికాలి వేలు నేలను రాసుకుంటూ వెనకే రావాలి. ఆ కుడికాలు ఎగిరి, మధ్యలో మళ్ళీ ఆని నేలను తన్నితే – ఇల్లీగల్. నిన్నటి మ్యాచ్‌లో నాలుగుసార్లు ఇల్లీగల్ ఇచ్చారు మా పిల్లకి. ఆదివారం నరసరావుపేటలో జిల్లా సెలెక్షన్. పదో తరగతి... స్కూలు తరఫున ఇదే ఆఖరు.

4, మంగళవారం
పెరట్లో ముగ్గుపిండి పలచగా చల్లాను. వేలు నేలమీదే ఉంటే పిండిలో అది గీసే గీత తెగదు. ఇరవై బంతులు, ప్రతిసారీ కొత్తగా పిండి. తెగినవి పదమూడు.
"ఏందక్కా, ముగ్గేస్తన్నావా, చెరుపుతన్నావా?" – గోడ అవతలి నుంచి సుబ్బులు.

5, బుధవారం
పద్నాలుగు. బద్ధకం అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. రాయను.

6, గురువారం
పిండిలో ఎర్రటి చుక్క.
బూటు విప్పమంటే వద్దంది. నేనే విప్పాను. బూటు ముక్కు అరిగి చిల్లు. బొటనవేలి గోరు నల్లబడింది, పక్కన తోలు లేచింది. నేలకు రాసుకుంటే మంట. అందుకే ఎత్తుతోంది. నేనేమో తెగిన గీతలు లెక్కపెడుతున్నాను.
"చెప్పొచ్చుగా."
"చెప్తే ఆడొద్దంటావుగా అమ్మమ్మా."
కడిగి మందు రాశాను. బూటు మీద ఐదో నంబరు. అంత పాదం ఎప్పుడు పెరిగిందో.

7, శుక్రవారం
బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే మస్తాన్ బూటు ముక్కుకి మందపాటి తోలు తొడిగాడు. వంకరగా ఉందని విప్పించి మళ్ళీ కుట్టించాను. "నువ్వట్టా చూస్తా ఉంటే సూది కూడా వణుకుద్ది టీచరమ్మా."

8, శనివారం
వేలు ఎలా ఉందని ముందు అడిగాను. గీతలు తరవాత చూశాను. తెగినవి మూడే.

9, ఆదివారం
బాగా వేసింది. చివరి బంతికి అంపైరు చెయ్యి పక్కకు చాచాడు – ఇల్లీగల్. కాలు లేవలేదని పీఈటీ మేడమ్, లేచిందని ఆయన. ఎంపికైన పేర్లు రేపు చెబుతారట.
బస్సులో తిరిగొస్తుంటే, మా వినుకొండ దగ్గరపడ్డాక రమ్య –
"వాళ్ళ సంగతి సరే. నువ్వు చూశావుగా. లేచిందా?"
వారమంతా దాని కాలు తప్ప మరేదీ చూడలేదు నేను. ఆ ఒక్క బంతికి దాని మొహం చూశాను. పెదవి బిగబట్టి, కళ్ళు చిట్లించి... నొప్పో, పట్టుదలో. కాలు చూడనే లేదు.
ఇంటికొచ్చాక నేను వేలికి మందు రాస్తున్నా, లేచిందా అని అడుగుతూనే ఉంది.