పదో మనిషి క్యారేజీ

మార్చి 4

ఆర్డర్ మాకే వచ్చింది. టెంట్లు. వరదల్లో మునిగిపోయిన ఏదో దేశానికి మన ప్రభుత్వం సాయంగా పంపుతోందట. అందులో కొంత వాటా చిన్న యూనిట్ల చేతే కుట్టించాలని రూల్ పెట్టారు. ప్రోత్సాహకం అంటారు దాన్ని. ఇన్నేళ్ళుగా పేపర్లో చదవడమే గానీ ఆ మాట మా గుమ్మం తొక్కింది ఇవాళే. సంతోషించాలి. సంతోషించాను కూడా, కాసేపు.

తర్వాత తలెత్తి చూశాను. కటింగ్ టేబుల్ పైన షాపు కప్పు కారుతూనే ఉంది. కింద బకెట్ పెట్టుకుని పని చేస్తున్నాం. ఆ కప్పు బాగుచేయించుకోడానికి లోన్ అడిగితే ఆఫీసు చుట్టూ తిప్పి తిప్పి పంపించారు. ఊరూ పేరూ తెలియని వాళ్ళకి మాత్రం ఏకంగా కప్పులే పంపుతున్నారు. కడుపు మండదా మరి.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అదే అన్నాను. వదిన ఊరుకుంటుందా. వదినంటే మా ఆయన అక్క. పదకొండేళ్ళుగా నా షాపులోనే పని చేస్తోంది. నేనేమంటే దానికి అడ్డం చెప్పడం ఆమెకి రెండో పని. ఇల్లు కొట్టుకుపోయినవాణ్ణి ముందు నీ దేశమేదని అడిగి అప్పుడిస్తావా టెంటు అంది. మనం టాక్స్ కట్టేది మన రోడ్లకీ మన దీపాలకీ మాత్రమే కాదంది. కట్టేది నేను, దానాలు నీవా అన్నాను. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వి, అయితే నన్నూ ఒక పరాయి దేశం అనుకుని ఏడాదికోసారి కాస్త సాయం పంపించు అంది.

మార్చి 6

స్కీమ్ కాగితాలు మళ్ళీ చదివాను. పనివాళ్ళు తొమ్మిదిమంది దాకా అయితే చిన్న యూనిట్. టాక్స్ మాఫీ, వడ్డీలో రాయితీ, ఇలాంటి ఆర్డర్లలో వాటా. రిజిస్టర్‌లో పదో పేరు పడిందంటే అన్నీ పోతాయి. ఊరి చివర మిల్లుకి ఎంత టాక్సో నాకూ అంతే. నిజానికి మిల్లుకి అంత కూడా లేదు, మిల్లువాడికి పదేళ్ళు టాక్స్ హాలిడే ఇచ్చారు. బడికెళ్ళే పిల్లలకి కూడా అన్ని సెలవులు ఉండవు.

అందుకే మా వీధిలో ఎవరినడిగినా తొమ్మిదిమందే. బ్యాగులవాళ్ళు, పరుపులవాళ్ళు, సీటు కవర్లవాళ్ళు, అందరం తొమ్మిదే. ప్రతి షాపులోనూ తలుపు పక్కన మేకుకి ఒక ఖాళీ క్యారేజీ వేలాడుతుంటుంది. అది పదో మనిషిది. లేబర్ ఇన్‌స్పెక్టర్ వీధి మొదట్లో కనబడగానే అక్కడివాళ్ళు షట్టర్ మీద దబదబా కొడతారు. ఆ చప్పుడు షాపు నుంచి షాపుకి పాకుతుంది. పదో మనిషి లేచి క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడాలి. అన్నం తెచ్చిన చుట్టమన్నమాట. అందుకే పదో మనిషి ఎక్కడైనా ఇంటి మనిషే. మామగారో, మరదలో, బాబాయో. బయటివాళ్ళైతే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారతారు.

మా పదో మనిషి వదిన. ఆ క్యారేజీలో తన దువ్వెన, కళ్ళజోడు పెట్టుకుంటుంది.

మార్చి 11

టెంట్లు, టెంట్లు, టెంట్లు. కల్లో కూడా ఖాకీ గుడ్డే.

మార్చి 15

టెంటు సంచుల మీద వెయ్యాల్సిన అచ్చు వచ్చింది. ఈ దేశ ప్రజల కానుక అని. ఆ ప్రజల్లో నేనున్నానా అని వదిన అడిగింది. ముందు ఆ టెంటు రింగులు కొట్టు, తర్వాత లెక్క చూద్దాం అన్నాను. ఎప్పుడూ ఉండే ఎకసెక్కాలే.

సాయంత్రం మా అసోసియేషన్ ప్రెసిడెంట్ వచ్చాడు. మైకు దొరికితే వదలడని అందరం అతన్ని మైకు అనే పిలుస్తాం, ఎదురుగా కూడా. ఈ నెలాఖరులో డిబేట్ పెడుతున్నాడట. చిన్న వ్యాపారాల మీద ఎంత టాక్స్ న్యాయం, పరాయి దేశాలకి ఎంత సాయం న్యాయం. ప్రభుత్వంలో పైవాళ్ళు కూడా వచ్చి వింటారట. తొమ్మిదిని పంతొమ్మిది చెయ్యమని అడగాలట. నా నోటికి ఎదురులేదు కాబట్టి మా తరఫున నేనే మాట్లాడాలన్నాడు. సరేనన్నాను. ఆ నోటికి ఒక పని దొరికిందని మా ఆయన కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

మార్చి 19

వదిన చెయ్యి.

టెంటు అంచులకి ఇత్తడి రింగులు కొట్టే ప్రెస్ మీద ఉంది. కాలితో పెడల్ తొక్కితే పైనుంచి దిగుతుంది అది. ఇంతలో షట్టర్ల మీద చప్పుడు. వదిన లేచింది. చూపు క్యారేజీ మీద ఉంది, చెయ్యి ఇంకా గుడ్డ మీదే ఉంది. లేచే ఊపులో ఒంటి బరువంతా పెడల్ మీద పడింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు.

అరవలేదు. వీధిలో ఇన్‌స్పెక్టర్ ఉన్నాడని అరవలేదు. టెంటు ముక్క ఒకటి లాగి చెయ్యి చుట్టుకుంది. ఎడం చేత్తో మేకు మీది క్యారేజీ తీసుకుంది. వెళ్ళి గుమ్మంలో నిలబడింది. నేను ఇవన్నీ చూస్తూ ఉన్నాను. మనిషి తెల్లగా పాలిపోయి కూడా అలవాటు ప్రకారం నవ్వు మొహం పెట్టింది.

తీరా వచ్చింది ఇన్‌స్పెక్టర్ కాదు. చేతిలో ఫైలు, ఇస్త్రీ చొక్కా చూసి మొదటి షాపువాళ్ళు పొరబడ్డారు. ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి. ఓడలో తడిసినా, చిరిగినా పరిహారం ఇవ్వాలి కాబట్టి ఒక్కో టెంటుకీ నంబర్ వేసుకోడానికి వచ్చాడు. నేల మీద పడ్డ రక్తం చూసి, మూటల మీద ఏమైనా పడిందా అని అడిగాడు.

మార్చి 20

ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వదిన చెప్పేసింది, ఇంట్లో తలుపు సందులో పడిందని. డాక్టరు ఆమెకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి అదే రాసుకున్నాడు.

ఎముకలు సర్దారు. నరాలకి మాత్రం ఆపరేషన్ కావాలట. మూడు వారాల్లో చెయ్యాలి, లేకపోతే ఆ వేళ్ళు ఇక వంగవు. ఆ ఆపరేషన్ చేసేవాళ్ళు కార్మికుల ఆసుపత్రిలో ఉన్నారు. రిజిస్టర్‌లో పేరున్న పనివాళ్ళకి ఉచితం. బయట చేయించాలంటే మాలాంటి వాళ్ళు తట్టుకునే మాట కాదు. ఉన్నదంతా టెంటు గుడ్డలో పోశాం.

అంటే వదిన మా షాపులో పనిచేసే మనిషేనని నేను చెప్పాలి. పదోదని.

మార్చి 21

మా ఆయనతో అన్నాను, రాసేద్దామని. నీళ్ళు నమిలాడు. ఆర్డర్ రద్దవుతుంది, పదకొండేళ్ళ మాఫీ వెనక్కి కట్టమంటారు, షాపు మూతపడుతుంది, ఆ తొమ్మిదిమందీ రోడ్డున పడతారన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. తర్వాత అన్నాడు, అక్క పరాయిది కాదు కదా, ఇంటి మనిషి, అర్థం చేసుకుంటుందని.

సొంత అక్క. ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఆ మాట నాకంటే ముందు అతను అన్నందుకు లోపల కాస్త తేలికైంది కూడా.

మార్చి 23

మైకు బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకుని పరామర్శకి వచ్చాడు. వదిన పక్కన పావుగంట కూర్చున్నాడు. వెళ్తూ నన్ను వాకిట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గించడం నేనెప్పుడూ చూడలేదు. నువ్వు రాశావంటే ఇన్‌స్పెక్టర్ ప్రతి షాపులోనూ క్యారేజీ మూత తీసి చూస్తాడన్నాడు. వీధి మొత్తం నీ చేతిలో ఉందన్నాడు. చెయ్యి అనే మాట తప్ప అతనికి వేరే దొరకలేదు.

లోపలికొస్తే వదిన ఎడం చేత్తో ప్యాకెట్ విప్పడానికి తంటాలు పడుతోంది. సాయం వచ్చింది చూశావా అని నవ్వింది. ప్యాకెట్ విప్పి ఇచ్చాను.

మార్చి 26

డిబేట్ అయింది. మేమే గెలిచామట.

బాగా మాట్లాడాను. సూది నుంచి సబ్బు దాకా అన్నిటి మీదా టాక్స్ కడుతున్నాం, అయినా మీ లెక్కలో మేం మనుషులం కాదన్నాను. మిల్లువాడికి పదేళ్ళ సెలవా, మాకు పదో మనిషే నేరమా అన్నాను. సముద్రం అవతలి కన్నీళ్ళు కనబడే కళ్ళకి వీధి అవతలి మేం ఎందుకు కనబడమన్నాను. లెక్కలోకి రాని మనిషి బతుకు ఎలా ఉంటుందో మీకు తెలుసా అన్నాను. హాలంతా చప్పట్లు. ఆ చివరి మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. తెలుసు.

అవతలి పక్షం ఒక కాలేజీ లెక్చరర్. పాపం, మెత్తటి మనిషి. మనం కట్టే టాక్స్‌లో విదేశాలకి పోయేది చిటికెడు, అది ఆపినంత మాత్రాన మీ కప్పు కారడం ఆగదన్నాడు. అసలు తప్పు వేరే ఉందన్నాడు. టాక్స్ మెట్లు మెట్లుగా పెరగాలి గానీ తొమ్మిది దగ్గర గోడ కట్టినట్టు కడితే జనం ఆ గోడ వెనక మనుషుల్ని దాస్తారన్నాడు. తర్వాత మామూలుగా, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగాడు, మీ అందరి షాపుల్లో నిజంగా తొమ్మిదిమందే ఉన్నారా అని.

హాల్లో దగ్గులు మొదలయ్యాయి. మైకు గబగబా లేచి టైమ్ అయిపోయిందన్నాడు.

వదిన మూడో వరసలో కూర్చుంది. నాకు చప్పట్లు కొట్టాలని కుడిచెయ్యి ఎత్తి, కట్టు చూసుకుని, ఎడం చేత్తో కుర్చీ మీద కొట్టింది. ఇంటికొస్తుంటే దారిలో అంది, బాగానే మాట్లాడావు గానీ ఆ వరదల వాళ్ళ జోలికి వెళ్ళకుండా ఉండాల్సింది, నీ వాటా తిన్నది వాళ్ళు కాదని. మరి ఎవరని అడిగాను. పద, కాళ్ళు లాగుతున్నాయి అంది.

మార్చి 29

ఇవాళ నిజం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆటోలో తిన్నగా మా గుమ్మంలోనే దిగాడు, షట్టర్లు కొట్టే వ్యవధి కూడా లేదు. ఆ దెబ్బ తలుపుది కాదని ఆసుపత్రి నుంచి కబురు వెళ్ళిందట.

వదిన ఇంట్లో తోచక వచ్చి షాపులో కూర్చుంది. అతన్ని చూడగానే లేచి క్యారేజీ అందుకుంది. ఎవరూ చెప్పలేదు. అన్నం తెచ్చానంది. అతను క్యారేజీ అడిగి తీసుకుని మూత తీశాడు. దువ్వెన. కళ్ళజోడు. కాసేపు వాటినే చూశాడు. తర్వాత ప్రెస్‌ని చూశాడు. తర్వాత వదిన చేతిని. కేకలేస్తాడనుకున్నాను. నెమ్మదిగా నన్నడిగాడు, ఈవిడ మీ దగ్గర పని చేస్తుందా అని.

గడువు ఇంకా ఉంది. అవునంటే చాలు, వదినకి వేళ్ళు దక్కుతాయి. తొమ్మిదిమందీ మిషన్లు ఆపేసి నా నోటికేసి చూస్తున్నారు. మా ఆయన చేతిలో కత్తెర అలాగే ఉంది. ఎదురులేదన్న నోరు.

మా ఆడపడుచండీ అన్నాను. అది అబద్ధం కాదు.

అతను మూత పెట్టి, క్లిప్ బిగించి, క్యారేజీ వదిన ఎడం చేతికిచ్చాడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి ఇంకోసారి అడిగాడు, ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అని. మంచినీళ్ళు తాగుతారా అని అడిగాను.

మార్చి 30

వదిన నాతో మామూలుగానే మాట్లాడుతోంది. ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది.

ఏప్రిల్ 10

డాక్టరు చెప్పిన గడువు నిన్నటితో అయిపోయింది. మా ఆయన రెండుసార్లు అన్నం కలిపి వదిలేశాడు.

ఏప్రిల్ 24

టీవీలో చూపించారు. బురద మైదానంలో మా టెంట్లు. ఒక ముసలాయన తాడు రింగులోంచి దూర్చి లాగి కడుతున్నాడు. వదిన కుర్చీలోంచి ముందుకి వంగి, ఆ రింగులు నావే అంది. నిలబడ్డాయి చూడు అంది. ఎంత సంబరమో ఆ మొహంలో. నాకు పట్టలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక టీవీ కట్టేశాను.

కాసేపటికి వదినే మళ్ళీ పెట్టుకుంది, ఎడం చేత్తో. అప్పటికి ఇంకేదో వస్తోంది.

మే 9

రింగుల ప్రెస్ మీద మా ఆయన కూర్చుంటున్నాడు. వదిన మిగిలిన టెంట్లు సంచుల్లో సర్దుతోంది. క్యారేజీ అదే మేకుకి ఉంది.

జూన్ 2

పంతొమ్మిది చేశారు. బడ్జెట్‌లో చదివారు. మైకు వీధంతా బిస్కెట్లు పంచి, ఇదంతా నీ స్పీచ్ వల్లేనని నలుగురిలో నాకు దండ వేశాడు. ఇక పదో మనిషిని దాచక్కర్లేదు. అన్ని షాపుల్లో క్యారేజీలు మేకుల మీంచి దించారు. పరుపులవాళ్ళ మామగారు అందులో అన్నం తెచ్చుకుని, వీధిలో అందరికీ చూపించి తిన్నాడు.

నేను అడిగింది జరిగింది. అడిగినట్టే జరిగింది. రెండు నెలలు ఆలస్యంగా. నోరు చేదుగా ఉంది, దండ ఇంకా మెళ్ళోనే ఉంది, తియ్యడం మర్చిపోయాను.

జూన్ 5

వదిన పేరు రాయించడానికి లేబర్ ఆఫీసుకి తీసుకెళ్ళాను. చేరిన తేదీ అడిగారు. ఇవాళ్టిదే వేశాను, నిజం తేదీ వేస్తే పదకొండేళ్ళ మాఫీ వెనక్కి కట్టాలి. కుడిచేతి చూపుడువేలు పెట్టమన్నారు. వేలు వంగదు, నలిగిన గీతల్ని వేలిముద్ర మిషన్ ఒప్పుకోలేదు. ఎడమది పెట్టమన్నారు. నేను ఆ వేలు పట్టుకుని పెట్టించాను. కుడిచెయ్యి ఏమైందని క్లర్కు అడిగాడు. ఇంట్లో తలుపు సందులో పడిందంది వదిన. నాకేసి చూడలేదు.

స్క్రీన్ మీద ఆమె పేరు వచ్చింది. కింద, కొత్త వర్కర్, స్వాగతం అని.