ఎర్రచెవి కోడిపిల్ల

బోయిగూడ,
సికింద్రాబాద్.

అమ్మకు నమస్కారాలతో కుమారి రాయునది. ఇక్కడ నేనూ, ఆయనా, పాపా బాగున్నాం. నీ మోకాలు నొప్పి తగ్గిందనుకుంటున్నాను.

"కోళ్ళని సూసుకోడానికి కూడా సదువుకున్నోళ్ళు కావాలేటే?" అని కిందటి ఉత్తరంలో ఎగతాళి చేశావు. కావాలమ్మా. మా పక్షుల పార్కులో అడవికోళ్ళు రెండు రకాలు. మన దేశపువి ఒక బోనులో, బర్మా వైపువి ఇంకో బోనులో ఉంటాయి. నాకైతే అన్నీ మన పెరటి పుంజుల్లాగే కనబడతాయి. డాక్టర్ వేణుమాధవ్ గారు మాత్రం, "చెవితమ్మె చూడు కుమారీ. తెల్లగుంటే మనది, ఎర్రగుంటే బర్మాది. గింతే" అంటారు.

నువ్విచ్చిన పెట్ట ఎలా ఉందని అడిగావు కదా. దర్జాగా ఉంది. దాని కింద మన దేశపు అడవికోడి గుడ్లు ఎనిమిది పొదుగేస్తే ఆరు పిల్లలయ్యాయి. ఇప్పుడవి ఎదిగాయి. వచ్చే వారం వేరే జూకి పంపాలి.

పంపేముందు చూస్తే ఒకదాని చెవి ఎర్రగా ఉంది. "సదాశివ బర్మా గుడ్డు కలిపిండు. గిట్లైతే పనిలో ఎట్ల పెట్టుకుంటం?" అన్నారు డాక్టరుగారు. సదాశివ ఆ బర్మా బోను చూసే మనిషి. నోట్లో నాలుక లేనివాడు.

ఫోన్‌లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నానమ్మా. "సొంత గుడ్డు ఒకటైనా లేకపోతే పెట్ట పొదుగు మీంచి లేచిపోద్దే" అంటావు కదా నువ్వు. ఎవరికీ చెప్పకుండా నీ పెట్ట పెట్టిన గుడ్డే ఒకటి ఆ ఎనిమిదింటికి తోడు తొమ్మిదోదిగా కలిపాను. మూడు గుడ్లు మురిగిపోయాయి కాబట్టి లెక్క ఎవరికీ తెలియలేదు.

పోనీ ఎర్రచెవిదే మనదనుకుందామంటే, దాని కాళ్ళు అచ్చం అడవికోడిలా బూడిదరంగు. తెల్లచెవి వాటిలో ఒకదానికి కాళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆ గుడ్డుకి తండ్రి మన పెరటి పుంజే కదా, దాని చెవి ఏ రంగమ్మా? ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

ఇంటికోడి రక్తమైతే పిలిస్తే వస్తుందని, నిన్న బోను దగ్గర నిలబడి నీలాగే "బా బా బా" అన్నాను. ఆరూ పరిగెత్తుకొచ్చాయి. నీ పెట్ట అన్నిటినీ ఒక్కలాగే పెంచింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

నీ జవాబు కోసం ఆగను. రేపు పొద్దున్నే డాక్టరుగారికి చెప్పేస్తాను. ఏది అడవిదో, ఏది మనదో నాకు తెలియదు. గుడ్డు కలిపింది సదాశివ కాదని మాత్రం తెలుసు. నా పని పోతే, నీ పెట్టను తీసుకుని నీ దగ్గరికే వస్తాను.

ఇట్లు,
నీ మాట విని నీకే చెప్పని కూతురు,
కుమారి