పద్మ మెడ మీది వాపు

బుధవారం, సద్దుల బతుకమ్మ మర్నాడు

రింగు రోడ్డు పక్కన ఎవడైనా హద్దురాయి గజం జరిపితే నా కొడుకు నర్సింహ ఇట్టే పసిగడతాడు. కన్నకూతురి మెడ మీది వాపు మాత్రం ఏడాదిగా వాడి కంట పడలేదు. నా మనవరాలు పద్మ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. పోయినేడు బతుకమ్మ చుట్టూ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టిన పిల్ల, నిన్న అరుగు మీద కూర్చునే నిద్రపోయింది.

"గసొంటి పిల్లలు గట్లనే ఉంటరు బాపు," అని తేల్చాడు మా పండితుడు నర్సింహ.

పోయిన వారం నేనే దవాఖానకు తీసుకుపోయి పరీక్షకు రక్తం ఇప్పించాను. ఈరోజు రిపోర్టు వచ్చింది. ఒంటిని కాయాల్సిన బలమే మెడలోని థైరాయిడ్ గ్రంథిని శత్రువనుకుని కొడుతోందట. ఈ పిల్లల్లో ఇది తరచూ వస్తుందట. ప్లాట్ల వెంచరుకు కాపలా పెట్టిన వాచ్‌మెనే హద్దు కడీలు పీక్కుపోయినట్టన్నమాట. మా వాడి వెంచర్లో అదీ జరిగింది, అది వేరే కథ. రోజూ పరగడుపున మాత్ర వేస్తే పిల్లకు హుషారు వస్తుందని చెప్పింది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి చెబితే నర్సింహ నవ్వాడు. "జిందగీ అంతా గోలీలేనా? హుషారొచ్చి అదేం జేస్తది?"

పద్మ పక్కనే ఉంది. "ఆడుత డాడీ," అంది.

వాడు ఫోను మోగిందని బయటికి పోయాడు. మాత్రలు నా దిండు కిందే ఉన్నాయి. పొద్దున పిల్ల చాయ్ తాగకముందే వేయాలి. వాడు లేవకముందే...